చిన్నరసాలూ, ఇంగ్లీషు ‘టు’

మా నూజివీడులో చిన్నరసాలు దిగే రోజులంటే కుర్రకారు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునే రోజులు కూడాను. చివర ‘లుక్ ఫార్వర్డ్ టు హియర్’ అని వ్రాశారా, చదివే అధికారి పెదవి విరుస్తాడు. ‘హియరింగ్’ అనాలి గదా!

ఇంగ్లీషులో ‘టు’లు రెండు. ఒకటి తుమున్నర్థానికి గుర్తు. రెండోది మన విభక్తి వంటిది. కాకపోతే మనది మాట వెనుక నిలుస్తుంది, వారిది ముందు. ‘తిననివ్వు’లోని ‘తిన’కు విభక్తి అతకదు. ‘తినటం’ నామం కనుక ‘తినటానికి, తినటంలో, తినటంవల్ల’ అంటాం. ఇంగ్లీషులోనూ అంతే! ‘ఇన్, ఆఫ్, వితౌట్’ల తరువాత ‘ఈటింగ్’ అనే అనాలి.

అనుమానం వస్తే ‘టు’ పక్కన మామిడిపండు పెట్టి చూడండి. ‘లుక్ ఫార్వర్డ్ టు మేంగోస్’ నిలిచింది, కనుక ‘ఈటింగ్’. ‘వాంట్ టు మేంగోస్’ నిలవలేదు, కనుక ‘ఈట్’. ‘అగ్రీ’ వంటి కొన్ని క్రియలు రెండు ‘టు’లతోనూ కాపురం చేస్తాయి; వాటిని వాడుకలోనే పట్టుకోవాలి.

2008లో పల్లె పిల్లల కోసం ఇక్కడ ట్రిపుల్ ఐటీ వెలిసింది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల ఇంగ్లీషు వ్యాకరణానికి బెదిరితే, కన్నవారు ఒక్క మాట చెప్పండి: “సగం సూత్రం నీ నోట్లోనే వుంది, అమ్మా!”