ఉలిక్కిపాటూ సరుకే

మనల్ని ఉలిక్కిపడేలా చేయడం ఫ్యాషన్ వ్యాపారానికి పాత విద్యే. బ్రిటన్‌లో ఫ్రెంచ్ కనెక్షన్ కంపెనీ 1997లో బూతుమాటలా కనిపించే నాలుగక్షరాల పేరుతో ప్రచారం సాగించి, దాన్నే చొక్కాల మీద అచ్చువేసి అమ్ముకుంది. ఇటలీ కంపెనీ బెనెటన్ 1992లో ఎయిడ్స్‌తో మరణశయ్య మీదున్న మనిషి ఫొటోను, 1994లో బోస్నియా యుద్ధంలో చనిపోయిన సైనికుడి నెత్తుటి బట్టలను ప్రకటనలుగా వేసింది.

మరి ఆ కంపెనీకి బట్టలు కుట్టేవాళ్ల నెత్తురు మాటేమిటి? 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. శిథిలాల్లో బెనెటన్ లేబుళ్లున్న బట్టలు దొరికాయి. మొదట సంబంధం లేదన్న కంపెనీ తర్వాత ఒప్పుకుంది. బాధితుల నిధికి డబ్బివ్వడానికి మాత్రం 2015 దాకా ఆగింది.

స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధించే చట్టం మనకు 1986 నుంచీ ఉంది. అది అవసరమే. కానీ హోర్డింగ్ మీది బొమ్మ దగ్గరే ఆగిపోతే, కంపెనీలు కోరుకున్న చర్చనే మనమూ చేసినట్టవుతుంది. ఆ బట్ట ఎవరు కుట్టారు? ఎంత కూలికి? ఏ కప్పు కింద? ఇవీ అడుగుదాం.