బుడమేరు పోయే దారేది?

ఏడాదిలో ఎక్కువ రోజులు అదో మురుక్కాలువలా ఉంటుంది. గుర్రపుడెక్క, తుంగ, ప్లాస్టిక్ సంచులు... వంతెన మీదుగా వెళ్లేవాళ్లు తల తిప్పి కూడా చూడరు. గట్టిగా వాన పడిందంటే మాత్రం బెజవాడలో ఎవరినోట విన్నా దాని పేరే. అదే బుడమేరు!

మంచుకొండల్లో పుట్టిన నది కాదిది. మైలవరం చుట్టుపక్కల కొండల మీద కురిసిన వాన వాగులుగా జారి, ఒక్కటై బుడమేరవుతుంది. అందుకే వేసవిలో ఎండిపోతుంది, ముసురు పట్టిందంటే గంటల్లో పొంగుతుంది. జి.కొండూరు మండలం వెలగలేరు దాటి, బెజవాడ ఉత్తరం అంచున మెలికలు తిరిగి, ఎనికెపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి దూరి, పల్లపు పొలాల మీదుగా కొల్లేరు చేరుతుంది.

కొల్లేరే ఎందుకంటే... ఒకపక్క కృష్ణ, మరోపక్క గోదావరి వేల ఏళ్లుగా ఒండ్రు పోసి డెల్టాలను మెరక చేశాయి. మధ్యలో మిగిలిన పల్లమే కొల్లేరు. పేరులో ఏరున్నా అది మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు... వచ్చి కలిసే వాగులూ డ్రెయిన్లూ చెప్పుకుంటూ పోతే కొల్లేటి చాంతాడే! ఇన్ని నీళ్లూ సముద్రానికి వెళ్లేందుకు ఉన్న దారి ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. సముద్రం పోటు మీదుంటే ఆ నీళ్లూ నెమ్మదిస్తాయి.

ఏటా వరద బెడద తప్పించాలని ఇంజినీర్లు వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టారు. అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. ఊరి మీదికి వచ్చే నీటిని పక్కనుంచే నదిలోకి పంపాలన్నది ఆలోచన. 2015లో పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణను కలిసిందీ ఈ కాలువ మీదుగానే. చిక్కల్లా ఒక్కటే. కృష్ణ కూడా అదే సమయంలో నిండుగా ఉంటే? కాలువ నీటిని నది తీసుకోదు. నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి.

2024లో సరిగ్గా అదే జరిగింది. ఆగస్టు 31 నుంచి కుండపోత. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రెగ్యులేటరు గేట్లు ఎత్తడంతో వరద పాతదారి పట్టింది. మళ్లింపు కాలువ ఎడమగట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వీధుల్లో పడవలు తిరిగాయి. డాబాల మీద పిల్లాపాపలతో జనం పాలప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. సైన్యం కూడా చేయివేస్తేగానీ గండ్లు పూడలేదు. మూడోది పూడేసరికి సెప్టెంబరు 7 అయింది. 2005లోనూ బుడమేరు బెజవాడను ముంచింది. ఆ పందొమ్మిదేళ్లలో ఊరు పెరిగిందే గానీ ఏరు వెడల్పు కాలేదు. ఆక్రమణలతో ఇంకా ఇరుకైంది.

ఇరుకు బెజవాడతో ఆగలేదు. కింద కొల్లేరులోనూ చేపల చెరువుల గట్లు నీటికి అడ్డం నిలిచాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు కొట్టేశారు. చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకునే సరస్సుకూ, సింగ్‌నగర్‌లో మునిగిన ఇంటికీ సంబంధమేంటని అనిపించొచ్చు. ఏటి చివర నీరు కదిలితేనే కదా వెనకాల నీరు కదిలేది!

2024 వరద తగ్గాక 'ఆపరేషన్ బుడమేరు' అన్నారు. ఆక్రమణలు తీయాలంటే అక్కడ బతుకుతున్నవాళ్లకు మరోచోట నీడ చూపించాలి. అప్పోసప్పో చేసి గూడు కట్టుకున్న కుటుంబాలకు అది ఏటి స్థలమని అమ్మినవాళ్లు చెప్పరుగా!

కాబట్టి ఆ చుట్టుపక్కల స్థలం కొనేవాళ్లు దస్తావేజులతోపాటు ఇంకొకటీ చూసుకోవాలి. ఆ వీధిలో పాతకాపులనడిగితే 2005లో, 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చేత్తో చూపిస్తారు. ఏటికి పట్టా ఉండదు. హద్దులు మాత్రం దానికి బాగా గుర్తు.