మూత్రం వస్తోంది కదా అని ఊరుకోవద్దు

కొబ్బరిచెట్టు మీంచి జారిపడి గానీ, శ్రీకాకుళం జిల్లా నిమ్మాడ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద బండి బోల్తాపడి గానీ వెన్ను దెబ్బతిన్న మనిషి ఇంటికొచ్చాక అందరి చూపూ కాళ్ల మీదే. మళ్లీ నడుస్తాడా, లేదా? పక్క తడిస్తే దుప్పటి మార్చి ఊరుకుంటారు. కిడ్నీలు పోయేది అక్కడే.

మూత్రసంచిని నడిపే నరాలు వెన్నులోంచే వెళ్తాయి. అవి దెబ్బతింటే సంచి నిండినా తెలియకపోవచ్చు. చాలామందిలో సంచి బిగుసుకుంటుంది గానీ కింది కండరం వదలదు. లోపల ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి కిడ్నీల దాకా ఎగదన్నవచ్చు. బయటికి కారేది పొంగిపొర్లినది మాత్రమే కావచ్చు. నొప్పి ఉండదు కాబట్టి అనుమానం రాదు. వెన్ను టీబీ, పక్షవాతం, ముదిరిన షుగరు ఉన్నవాళ్లలోనూ మూత్రసంచి ఇలా దెబ్బతినవచ్చు.

నిమ్మాడ నుంచి ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే ఉద్దానం. అక్కడ ఎందరినో పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఇలాంటి చోట వెన్ను దెబ్బ తగిలిన మనిషికి కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితే ‘మన నీళ్ల జబ్బే’ అని సరిపెట్టుకోవడం చాలా తేలిక. దయచేసి అలా సరిపెట్టుకోకండి. మూత్రసంచి వల్ల వచ్చే నష్టానికి కారణం తెలుసు, ఆపడమూ తెలుసు. పైగా కాళ్ల కండ కరిగినవాళ్లలో క్రియాటినిన్ మామూలుగా కనిపించినా కిడ్నీలు బాగున్నట్టు కాదు. కడుపు స్కానింగు చేయించి, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో అడగండి. బాగున్నా ఏడాదికోసారి అడగండి.

ఒకప్పుడు వెన్ను విరిగినవాళ్లలో ఎందరో మూత్రపు ఇన్ఫెక్షన్లతో, కిడ్నీలు చెడి చనిపోయేవారు. 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడిస్ ఒక సులువైన దారి చూపించాడు: సబ్బుతో చేతులు కడుక్కుని, సన్నని గొట్టంతో రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఎవరికి వారే సంచి ఖాళీ చేసుకోవడం. ఒక్కోసారి వచ్చేది అర లీటరు దాటకూడదు. నర్సు దగ్గర నేర్చుకుంటే చాలామందికి ఇంట్లోనే సాధ్యం. జీడి బట్టీలో పనికీ పెళ్లికీ బస్సెక్కి వెళ్లొచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

తడుస్తుందని నీళ్లు తాగడం మానకండి, డాక్టరు తగ్గించమంటే తప్ప. మూత్రం రావాలని పొత్తికడుపు గట్టిగా నొక్కకండి. నడుం నొప్పికి మందుల షాపు మాత్రలు మింగుతూ పోకండి, వాటిలో చాలావరకు కిడ్నీలను దెబ్బతీసేవే. శాశ్వతంగా గొట్టం ఉన్నవాళ్లు బ్యాగును ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉంచాలి.

చలిజ్వరం వచ్చినా, గొట్టం మూసుకుపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మెడకో, ఛాతీ పైభాగానికో వెన్ను దెబ్బ తగిలినవాళ్లకు ఉన్నట్టుండి తలపోటు, ముఖాన చెమటలు వస్తే కూర్చోబెట్టి, గొట్టం మడత పడిందేమో చూసి, 108కి ఫోన్ చేయండి. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కి మూత్రం ఆగిపోతే అది ఆపరేషన్‌కు గంటలు లెక్కపెట్టాల్సిన స్థితి, తెల్లారేదాకా ఆగొద్దు.

వెన్ను దెబ్బ తగిలినవాళ్లను మూత్రసంచి పరీక్ష చేయకుండా, గొట్టం వాడకం నేర్పకుండా ఇంటికి పంపకూడదు. టెక్కలి, పలాస ప్రభుత్వాసుపత్రుల్లో ఆ గొట్టాలు నెలనెలా ఉచితంగా దొరకాలి. అధికారులు ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టాలి.