ఇరవై మంది ఎవరి పిల్లలు?

పిల్లలు తక్కువున్నారు - సర్కారుకి దొరికిన గొప్ప సాకిది. ఇరవై మందున్న బడికి ఇద్దరు టీచర్లెందుకని లెక్కలు కడతారు. ఆ ఇరవై మందీ ఎవరి పిల్లలో మాత్రం అడగరు. విశాఖలో అడిగితే జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. పోర్టు కలాసీల పిల్లలు, ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టు కూలీల పిల్లలు, ఇళ్ళల్లో పాచిపనికి పోయే తల్లుల పిల్లలు. ఫీజు కట్టగలిగినోళ్ళు ఏనాడో కాన్వెంటుకి పోయారు. రిజర్వేషన్ మీద ఉద్యోగాలొచ్చిన మనోళ్ళూ ఆ బండే ఎక్కారు.

1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు ఫ్యాక్టరీ కోసం వేల ఎకరాలు తీసుకున్నారు. ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయి అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ కాలనీలకు చేరాయి. ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం చూసి చూసి ముసలోళ్ళయినవాళ్ళున్నారు. భూమున్నోడికి నష్టపరిహారం అన్నమాటైనా ఉంది. ఆ భూమిలో కూలి చేసి బతికినోడికి ఏముంది? వాడి మనవడికి మిగిలిన ఆస్తి ఈ బడి ఒక్కటే.

2022లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్ళకు తరలించారు. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. దాని స్థానంలో పిల్లలెక్కువున్న చోట తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూలు, తక్కువున్న చోట బేసిక్ స్కూలు అన్నారు. పార్టీ మారింది, తలలు లెక్కబెట్టే పద్ధతి మారలేదు.

ఒక్క టీచరున్న బడిలో వారం ఎలా గడుస్తుందో చూడండి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే మూడో తరగతి ఎక్కాలు వల్లిస్తుంది, ఐదో తరగతి బోర్డు మీద రాసింది ఎక్కించుకుంటుంది. మధ్యలో హాజరు ఫోన్లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి. మరుగుదొడ్డి ఫొటోలు కూడా టీచర్ల చేత తీయించిన రోజులు చూశాం. మీటింగుకి పిలుపొస్తే ఆ రోజు చదువు గోవిందా. వారానికి ఆరు పనిదినాలుంటాయి. అందులో ఐదో తరగతి పిల్లకి దక్కిన పాఠం ఎన్ని గంటలు?

చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఉన్న బడిలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి. ఇరవై మందున్నా ఇద్దరే. రెండో టీచరు ఎవరో వేసే భిక్ష కాదు. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి. మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళుండాలి. బలహీనవర్గాల తల్లిదండ్రులకు వాళ్ళ వాటా ప్రకారం చోటుండాలి. మరి ఆ కమిటీలో మన తల్లులు మాట్లాడుతున్నారా, తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసి వస్తున్నారా?

ఫూలే 1882లోనే హంటర్ కమిషన్ ముందు ప్రాథమిక విద్య నిర్బంధం చెయ్యమని అడిగాడు. శూద్రుల, అతిశూద్రుల పన్నుల డబ్బుతో పైకులాల పిల్లలే చదువుకుంటున్నారని నిలదీశాడు. ఆ ప్రశ్న ఇంకా పాతబడలేదు.

అందుకే పేట పేటలో ఒక పని మొదలెట్టాలి. ప్రతి శనివారం సాయంత్రం నలుగురు తల్లులు బడికి పోండి. మూడో తరగతి గుంటడి చేత ఒక పేజీ చదివించండి, ఒక తీసివేత చేయించండి. రాకపోతే వాడిని కొట్టొద్దు, ఉన్న ఒక్క టీచరునీ తిట్టొద్దు. పుస్తకంలో తారీఖు వేసి రాసుకోండి. నాలుగు శనివారాల లెక్క పట్టుకుని ఎంఈవో ఆఫీసుకి పోయి రెండో టీచరేడీ అని అడగండి.

వాళ్ళు తలల లెక్క చూపిస్తే, మనం చదువు లెక్క చూపిద్దాం.