ఈ సంక్రాంతికి ఏ జత?

సంక్రాంతికి ఇంకా మూడు వారాలుంది. ఆఫీసులో అందరూ సెలవులు ఎవరికి దొరుకుతాయి, బస్సు టిక్కెట్లు ఎంత అన్న గొడవలో ఉన్నారు. మా ఇంట్లో మాత్రం ఫోనెత్తితే ఒకటే మాట. ఈసారి కాడి కింద ఎవర్ని కడుతున్నాం?

మాది గురజాల వైపు పల్లెటూరు. బాబాయి దగ్గర నాలుగు ఒంగోలు గిత్తలున్నాయి. మేపేది ఆయన, ఉలవలకీ పత్తి గింజలకీ నెలనెలా డబ్బు పంపేది నేను. అంచేత సెలెక్షన్ కమిటీలో నాకూ ఓ కుర్చీ ఉందనుకుంటాను. బాబాయి అలా అనుకోడనుకోండి, అది వేరే సంగతి :-)

బండలాగుడు పోటీలు చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక పెద్ద రాతిబండ, దానికి కట్టిన మోకు, మోకు కొసన కాడి, కాడి కింద రెండు గిత్తలు. కొలిచి గీసిన బాటలో బండని ఆ చివరిదాకా లాగాలి, మలుపు తిరగాలి, మళ్ళీ ఈ చివరికి రావాలి. ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ అడుగులు లాగితే వాళ్ళకి మొదటి బహుమతి. రాయి బరువు, సమయం ఊరిని బట్టి, విభాగాన్ని బట్టి మారతాయి.

ఆ విభాగాలేమో పళ్ళని బట్టి. ఎద్దుకి బర్త్ సర్టిఫికెట్ ఉండదు కదా, నోరు తెరిచి చూడాల్సిందే. పైదవడకి ముందుపళ్ళు అసలుండవు. కిందిదవడకి ఎనిమిది పాలపళ్ళు. అవి రెండేసి చొప్పున ఊడిపోయి గట్టిపళ్ళు వస్తాయి. అలా రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం, ఆ పైన పెద్దవి. చిన్న గిత్తని పెద్ద విభాగంలో దించుకుంటే అడిగేవాడు లేడు. పెద్ద గిత్తని కిందికి దించితే మాత్రం కొట్లాటే.

సరే, అసలు విషయానికొస్తాను. మా వాళ్ళని పరిచయం చేస్తా.

కోటయ్య: ఆరు పళ్ళు. కోటప్పకొండ దేవుడి పేరు. వలపట, అంటే కుడివైపు కట్టే గిత్త. మంచి ఊపు మీదున్నాడు.

చెన్నడు: మాచర్ల చెన్నకేశవుడి పేరు. నాలుగు పళ్ళు. దాపట, అంటే ఎడమవైపు. పోయిన ఏడాది కోటయ్యకి జోడీ. అప్పుడు ఇద్దరివీ నాలుగు పళ్ళే.

వీరన్న: ఆరు పళ్ళు. వీడూ వలపటే. పోయిన సంక్రాంతికి దెబ్బ తగిలి ఎనిమిది నెలలు కాడి ముట్టలేదు.

బుల్లోడు: రెండు పళ్ళు. ఇదే మొదటి సీజను. ఎటువైపు కట్టినా నడుస్తాడు. జనాన్ని చూస్తే మాత్రం బెదురు.

చిక్కెక్కడొచ్చిందో అర్థమైందనుకుంటాను. కోటయ్యకి ఈ కార్తీకంలో ఆరో పన్ను వచ్చేసింది. చెన్నడికి రాలేదు. కలిసి అలవాటైన జతని దించాలంటే ఇక ఆరు పళ్ళ విభాగంలోనే దించాలి. బాబాయి దానికే సిద్ధంగా ఉన్నాడు. ఆయన దగ్గరున్న ఆధారం, నెలరోజులుగా మా చేలో తీసిన సాధన టైములు. తమ్ముడు సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రాస్తున్నాడు. మొదటి వారం కంటే నాలుగో వారానికి జత బాగా మెరుగుపడింది, అదీ ఆరు పళ్ళ వాళ్ళు లాగే బరువుతో. "ఇంకేం కావాలిరా నీకు?" అంటాడు బాబాయి.

నాకు కావలసింది వేరే ఉంది.

ఒక ఏడాది ఆన్‌సైట్ పని మీద మెల్‌బోర్న్‌లో ఉన్నాను. అక్కడివాళ్ళకి వాళ్ళ ఫుట్‌బాలంటే పిచ్చి. కోడిగుడ్డు ఆకారం మైదానం, జట్టుకి పద్దెనిమిది మంది, బంతిని తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. మార్చిలో మొదలైతే సెప్టెంబరు చివర ఫైనల్ దాకా అదే గోల. సీజనుకి ముందు ఫిబ్రవరిలో సాధన మ్యాచ్‌లు జరుగుతాయి. మా టీములో ఒకాయన వాటిని శ్రద్ధగా చూసేవాడు కానీ స్కోరు పట్టించుకునేవాడు కాదు. అవతలివాళ్ళు అసలైన ఆటగాళ్ళని దించారో లేదో తెలీదు, గెలిస్తే ఏం, ఓడితే ఏం అనేవాడు. ఆయన చూసేదల్లా ఒకటే. దెబ్బ నుంచి తిరిగొచ్చినవాడు, కొత్తగా వచ్చిన కుర్రాడు నాలుగో క్వార్టర్‌లో ఎలా పరిగెడుతున్నారు అని. అప్పట్లో నాకది చాదస్తంలా అనిపించింది. ఇప్పుడు తమ్ముడు పంపిన కాగితం ముందేసుకుంటే ఆయన మాటలే గుర్తొస్తున్నాయి.

ఆ కాగితంలో ఉన్నవి జత టైములు. జత టైమంటే ఎవరి టైము? మన భాషలో చెప్పాలంటే రెండు సర్వర్లు కలిసి లోడు మోస్తుంటే బయట నుంచి రెస్పాన్స్ టైము ఒక్కటే కనపడుతుంది. ఒకటి నూటికి నూరు శాతం మీద ఉడుకుతున్నా, రెండోది తీరిగ్గా ఉన్నా బయటికి తెలీదు.

తమ్ముణ్ణి తరిచి తరిచి అడిగితే చెప్పాడు. రెండో వారంలో బాబాయి కాడి మీద మోకు కట్టే చోటుని రెండు వేళ్ళు కోటయ్య వైపు జరిపాడట. త్రాసు సంగతి తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మోకు ఎవరి వైపు జరిగితే బరువు వాళ్ళ మీద ఎక్కువ పడుతుంది, రెండోవాడికి తేలిక. అది తప్పు కాదు, సేద్యంలో బలహీనమైన ఎద్దుని కాపాడుకోవడానికి రైతులు ఎప్పుడూ చేసేదే. కానీ టైములు మెరుగుపడింది సరిగ్గా ఆ వారం నుంచే. అంటే మెరుగుపడింది జత కాదు, చెన్నడు అసలే కాదు. కోటయ్య ఇద్దరి బరువూ లాగుతున్నాడు.

ఇంకొకటి కూడా అడిగాను. లాగుడయ్యాక ఎవరు ఎంతసేపటికి నెమరేస్తున్నారు? కోటయ్య కట్టుగొయ్య దగ్గరికొచ్చి ఉలవలు తిని కాసేపటికే నెమరుకి కూర్చుంటాడట. చెన్నడు మొన్న రెండుసార్లు ఉలవలు సగం వదిలేశాడు. పొద్దుపోయేదాకా నిలబడే ఉన్నాడు. నా దృష్టిలో ఈ నెల మొత్తం మీద అసలైన అంకె అదొక్కటే. దాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు.

మా తాత కాలంలో ఈ బాధ లేదు. అప్పుడు ఎడ్లకి సీజనుకి ముందు, సీజను తర్వాత అని ఉండేది కాదు. ఏడాది పొడుగునా నల్లరేగట్లో దుక్కి, బండి, గుంటక. ఏ ఎద్దు ఎంత లాగుతుందో, ఎప్పుడు అలుస్తుందో ఆయనకి చేతివేళ్ళ మీద ఉండేది. సాగర్ కుడికాలువ వచ్చింది, వరి వచ్చింది, వెనకే ట్రాక్టర్లొచ్చాయి. ఇప్పుడు మా గిత్తలు నాగలి ముట్టవు. పోటీ కోసమే మేపుతాం, నెలా రెండు నెలలు సాధన చేయించి బరిలోకి తోలుతాం. మనం చూసేది ఆ కాసేపే కాబట్టి ఆ కాసేపట్లో చూడాల్సింది చూడాలి.

బాబాయి వైపు న్యాయం లేదని అనను. ఆయన మాట కూడా చెప్పాలి. కోటయ్య మంచి వయసులో ఉన్నాడు, ఈ ఏడాది కూర్చోబెడితే మళ్ళీ ఆ ఊపు రాదంటాడు. ఊళ్ళో కమిటీ వాళ్ళకి మన జత వస్తుందని చెప్పేశాడు. అన్నిటికంటే పెద్ద మాట, ఈ పోటీలే లేకపోతే మా వైపు ఒంగోలు గిత్తని మేపేవాడెవడు? బ్రెజిల్ వాళ్ళు మన జాతిని తీసుకెళ్ళి నెలోర్ అని పేరు పెట్టుకుని మందలు మందలుగా పెంచుకున్నారు. ఇక్కడ మాత్రం బండలాగుడు మీద మోజున్న రైతుల వల్లే కాస్తో కూస్తో మిగిలిందంటాడు. ఒప్పుకుంటాను. కానీ జాతి కోసం అని చెప్పి ఆ జాతిలో పుట్టినవాడి కాలు విరగ్గొట్టుకోలేం కదా.

ఇక్కడ నా తప్పొకటి చెప్పకపోతే ఇదంతా నీతులు చెప్పడమే అవుతుంది. పోయిన సంక్రాంతికి వీరన్నకి నాలుగు పళ్ళే. బాబాయి పక్కూరి వాళ్ళ ఆరు పళ్ళ గిత్తతో కలిపి దించాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. తమ్ముడు పంపిన సాధన వీడియో హైదరాబాదులో నా కుర్చీలో కూర్చుని నాలుగుసార్లు చూశాను. ఆవేశమొచ్చేసింది. "దించు బాబాయ్, వీడికి ఎదురు లేదు" అని ఫోన్లో అన్నది నేనే. పందెం యూట్యూబులో లైవ్ చూశాను. మూడో మలుపులో పెద్దగిత్త గుంజిన గుంజుకి వీరన్న కాలు మడతపడింది. లేచాడు. చెర్నాకోల పడింది, మళ్ళీ లాగాడు. నేను స్క్రీను ముందు "హే హే" అని అరుస్తూనే ఉన్నాను. సాయంత్రం తమ్ముడు గిట్ట ఫొటో పంపాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు.

మనదేశంలో జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. అందులో 11వ సెక్షను జంతువుని కొట్టడాన్నే కాదు, తలకి మించిన బరువు మోయించడాన్ని కూడా నేరమంటుంది. ఎద్దుల పందాల మీద వాదన వచ్చినప్పుడల్లా మనవాళ్ళు ఉండాలా వద్దా అనే కొట్టుకుంటారు. దానికి ముందే తేల్చాల్సిన ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఒకటుంది. ఈ గిత్తకి, ఈ రాయి, ఇవాళ తగునా? దానికి కోర్టు అక్కర్లేదు, మనమే చెప్పొచ్చు. పల్నాడులో జంతువు మీద పరువు కాయడం ఎంత పాత జబ్బో వేరే చెప్పాలా? కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు వలస పోయారని, చివరికది కారంపూడి యుద్ధం దాకా పోయిందని కథగా చెప్పుకుంటూనే ఉన్నాం.

ఇక ఎవర్ని దించాలి? ముందు నాకు తోచింది, చెన్నడికి బుల్లోణ్ణి జత చేసి నాలుగు పళ్ళ విభాగంలో దించడం. బాబాయికి చెప్పబోయి ఆగాను. అప్పుడు బుల్లోడి పరిస్థితి, ఇప్పుడు కోటయ్య పక్కన చెన్నడి పరిస్థితి ఒకటే కదా! బాధని ఒక మెట్టు కిందికి దించడం తప్ప నేను చేసిందేమీ లేదు.

కోటయ్య పక్కన వీరన్నా? పళ్ళు సరిపోతాయి, ఎత్తూ సరిపోతుంది. కానీ ఇద్దరూ వలపటి గిత్తలే. ఒకణ్ణి దాపటకి మార్చాలి. పైగా వీరన్న ఇప్పటికీ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నాడట. మూడు వారాల్లో కాదు. శివరాత్రికి చూడొచ్చు, అదీ రాయి లేకుండా ఉత్త కాడితో మలుపులు తిప్పి, ఆ ఆగడం పోయిందని నమ్మకం కుదిరాకే.

కాబట్టి నా ఓటు ఇది. ఈ సంక్రాంతికి ఆరు పళ్ళలో మా జత లేదు. కోటయ్య, వీరన్న శివరాత్రి కోసం సాధన చేస్తారు. చెన్నడు తేలిక బరువుతో నడుస్తూ ఆరో పన్ను వచ్చేదాకా ఆగుతాడు. కమిటీకిచ్చిన మాట పోకూడదంటే బుల్లోడున్నాడు. రెంటచింతల వైపు మా మామ దగ్గర రెండు పళ్ళ గిత్త ఒకటుంది. చెరో గిత్త కలిపి రెండు పేర్ల మీద జతగా దించడం మా వైపు మామూలే. ఇద్దరూ రెండు పళ్ళ విభాగంలో, వాళ్ళ ఈడు వాళ్ళతో, వాళ్ళ బరువే లాగుతారు. బహుమతి రాదు. బెదురు తీరితే అదే పదివేలు.

రేపు ఆదివారం బాబాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాలి. "ఊళ్ళో ఉండేది నేను, తలెత్తుకు తిరగాల్సింది నేను" అంటాడు. నిజమే, నేను హైదరాబాదులో ఉంటాను, నన్నెవడూ అడగడు. అందుకే ఈసారి పండక్కి రెండు రోజులు ముందే పోతున్నాను. కమిటీ వాళ్ళకి కోటయ్య జత రావడం లేదని నేనే పోయి చెబుతాను. పోయిన ఏడాది దించమన్న నోరే కాబట్టి వద్దనేది కూడా అదే నోరు కావాలి.

మీలో ఇంటి దగ్గర గిత్తలున్నవాళ్ళుంటే ఒక్క సంగతి చెప్పండి. వలపట అలవాటైన ఆరు పళ్ళ గిత్తని దాపటకి మార్చడానికి మీకు ఎన్ని రోజులు పట్టింది? శివరాత్రి లెక్క దాని మీదే ఆధారపడి ఉంది.