మోకాలి ఆపరేషన్ తర్వాతి వారాలనూ వైద్యంలో లెక్కేయండి

సంపాదకుడు గారికి,

మోకాలి కీహోల్ ఆపరేషన్ గురించి ఎక్కడ చూసినా ఒకటే ప్రచారం: పొద్దున చేరండి, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోండి. అందులో అబద్ధమేమీ లేదు. సన్నని గొట్టం చివర కెమెరా పెట్టి, రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి లోపలి చిరుగును సరిచేయడం నిజంగా గొప్ప విద్యే. కానీ ఇంటికి వెళ్లాక ఏంటన్నది ఎవరూ చెప్పరు. ఆ తర్వాతి వారాలు ఆసుపత్రి లెక్కలో ఉండవు, ఫ్యాక్టరీ లెక్కలో ఉండవు, చాలాసార్లు ఇంట్లోవాళ్ల లెక్కలోనూ ఉండవు. ఆ వారాలను కూడా వైద్యంలో భాగంగానే చూడాలని, ఏ రోజు ఏం చేయాలో కాగితం మీద రాసివ్వాలని, అప్పటిదాకా మనిషి కూలీని, కొలువును కాపాడాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేను హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిని. మా దగ్గర మెషిన్ ముందు నిలబడే పని ఎనిమిది గంటలు, ఓవర్‌టైం (ఓటీ) ఉంటే పన్నెండు. ఇరవై అయిదు కిలోల గ్రాన్యూల్స్ బస్తాను నేల మీంచి లేపి, కాలు కదపకుండా నడుం తిప్పి తొట్టిలో పోస్తారు. మోకాలు వంగి ఉండగా, బరువు మీదుండగా, ఒళ్లు ఇలా తిరిగినప్పుడే లోపలి మెత్తటి గుజ్జు పలక చిరుగుతుంది. డాక్టర్లు దాన్నే మెనిస్కస్ అంటారు.

మా ఆపరేటర్ ఒకబ్బాయికి అదే జరిగింది. ఆపరేషన్ బాగానే చేశారు. డిశ్చార్జి కాగితం మాత్రం మొత్తం ఇంగ్లీషు. చివరి లైనులో ఫిజియోథెరపీ చేయించుకోవాలని రెండు ముక్కలు. ఎక్కడ, ఎన్ని వారాలు, ఏ కసరత్తు అన్నది లేదు. ఆ అబ్బాయి ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, నాలుగు గదులకు కలిపి ఒకటే నేల మరుగుదొడ్డి. కాలికి హాయిగా ఉంటుందని వాళ్లమ్మ రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టేది. తల్లి మనసు అంతే. కానీ అలా వంగి ఉండిపోయిన మోకాలు పూర్తిగా చాపుకోవడం మరిచిపోతుందనీ, దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టాలనీ ఆమెకు చెప్పినవాళ్లు లేరు. "అన్నా, చిన్న రంధ్రమే గదా, ఇంటికాడ కూసుంటే ఓటీ పోతది" అంటూ త్వరగానే డ్యూటీకి వచ్చేశాడు. షిఫ్టు సగం కాకముందే మోకాలికి నీరు చేరి గుండ్రంగా ఉబ్బింది. ప్యాంటు పైకి మడిచి చూస్తే కుట్ల గుర్తులు గోరంత కూడా లేవు. తొడ మాత్రం రెండో తొడ పక్కన పెడితే వేరే మనిషిదిలా సన్నబడిపోయింది.

అసలు మర్మం ఆ తొడలోనే ఉంది. మోకాలిని మోసేది తొడ ముందు కండ. నొప్పి, వాపు ఉన్నన్నాళ్లు ఆ కండ సరిగా పనిచేయదు, రోజుల్లోనే చిక్కిపోతుంది. అందుకే సిద్ధపడడం ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి. మంచం మీద కాలు చాపుకొని, మోకాలిని పరుపుకేసి నొక్కి, అయిదు లెక్కపెట్టేదాకా తొడ బిగించి వదలడం నొప్పి లేని రోజుల్లోనే నేర్చుకోవాలి. చేతికర్రలతో మెట్లెక్కడం, దిగడం ముందే అలవాటు చేసుకోవాలి. నేల మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ ఆపరేషన్ తేదీకి ముందే ఇంటికి రావాలి. షుగర్ అదుపులో ఉండాలి, బీడీ, సిగరెట్ మానాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదు, చెప్పకుండా వేసుకోకూడదు. శుభ్రంగా ఉంటుందని ఇంట్లో బ్లేడుతో మోకాలు గొరుక్కొని వస్తుంటారు, ఆ గీతల్లోంచే ఇన్‌ఫెక్షన్ దూరుతుంది. ఇంటికొచ్చాక పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, జ్వరం వచ్చినా, రంధ్రం దగ్గర చీము కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంకో తిరకాసు ఉంది. బయటికి అన్ని రంధ్రాలూ ఒకేలా కనిపిస్తాయి, లోపల చేసిన పని వేరు. చిరిగిన ముక్కను కత్తిరించి తీసేస్తే కొద్ది రోజుల్లోనే నడవొచ్చు, బరువు పనికి నెల, నెలన్నర పడుతుంది. అదే చిరుగును కుట్టి ఉంటే నెలల తరబడి గొంతుకూర్చోకూడదు. ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్‌ను కొత్తగా వేస్తే ఆటల్లోకి దిగడానికి తొమ్మిది నెలలు కూడా పట్టొచ్చు. పక్కింటాయన పది రోజుల్లో తిరిగాడు కదా అని మనమూ తిరిగితే కుట్టు తెగుతుంది.

ఈ విద్య తొలి అడుగుల్లో ఒకటి పడింది కూడా మనలా నేల మీద కూర్చునే జనం మధ్యే. 1918లో టోక్యోలో కెంజి టకాగి అనే డాక్టర్ ఒక శవం మోకాలిలోకి గొట్టం పెట్టి చూశారు. క్షయ సోకి మోకాలు బిగుసుకుపోతే, చాప మీద మోకరిల్లి కూర్చునే జపనీయులకు బతుకే కష్టమయ్యేది. ఆయన్ని అటు నడిపించింది ఆ బాధే. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేయడం రోజువారీ పనులైన మనకు మోకాలు పూర్తిగా వంగడం విలాసమేమీ కాదు.

బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్‌కు 2016 ఆగస్టులో మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. నవంబర్‌కల్లా కోర్టులో దిగింది, 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచింది. అందరికీ గుర్తున్నది ఆ గెలుపే. దాని వెనక రోజూ పక్కనే ఉండి కసరత్తు చేయించిన ఫిజియోలు ఉన్నారు. హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు పనిచేసే ఉద్యోగికి అదే ఆపరేషన్ అయితే కాలు స్టూలు మీద పెట్టుకొని ఇంటినుంచే లాప్‌టాప్‌లో పని చేసుకుంటాడు. మా మెషిన్ ఇంటికి రాదు. ఆపరేషన్ ఒకటే అయినా, నిలబడి బతికేవాడికే కోలుకునే గడువు ఎక్కువ కావాలి, దొరికేది మాత్రం తక్కువ.

చట్టంలో దారి లేకపోలేదు. 21,000 రూపాయల లోపు జీతగాళ్ల నుంచి కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐకి 0.75 శాతం కోస్తున్నారు. జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు సగటు కూలీలో 70 శాతం వస్తుంది. దెబ్బ పనిలో తగిలిందని తేలితే, పనికి రాలేనన్ని రోజులూ 90 శాతం వస్తుంది. కానీ మోకాలు కలుక్కుమన్న రోజే ప్రమాదంగా నమోదు చేయించేవాళ్లెందరు? బెణుకే కదా అని స్ప్రే కొట్టి పంపేస్తాం, ఆ తర్వాత అది ఇంట్లో వచ్చిన జబ్బు కిందకి పోతుంది. కాంట్రాక్టు కూలీకైతే సెలవు పెడితే చోటే ఉండదన్న భయం.

కాబట్టి నేను అడిగేది ఇది. ఏ ఆసుపత్రి అయినా మోకాలి ఆపరేషన్ చేస్తే, లోపల ఏం చేశారో, ఏ వారం ఏ కసరత్తో, ఎప్పటినుంచి ఏ బరువు ఎత్తొచ్చో తెలుగులో బొమ్మలతో రాసివ్వాలి. మా వాడలో బిహార్, ఒడిశా కార్మికులు చాలామంది ఉన్నారు, వాళ్లకు హిందీలో, ఒడియాలో ఇవ్వాలి. ఫిజియోథెరపీ కోసం కుంటుకుంటూ ఊరు దాటిపోయే పని లేకుండా, ఈఎస్ఐ డిస్పెన్సరీల్లోనే షిఫ్టు దిగాక అందేలా సాయంత్రం వేళ పెట్టాలి. యాజమాన్యాలు కొన్ని వారాలు కూర్చుని చేసే పని, ప్యాకింగో, చెకింగో ఇవ్వాలి. కష్టమేమీ కాదు, లైను నడిపేవాడిగా చెబుతున్నాను.

వయసుతో అరిగిన మోకాలికి కూడా ఈ రంధ్రం వైద్యం చేయించుకుంటున్నవాళ్లకు ఒక మాట. అరుగుదలకు ఆర్థ్రోస్కోపీ, అంటే ఈ కీహోల్ పద్ధతి, వద్దని 2017లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. అలాంటివాళ్లు కసరత్తు, బరువు తగ్గడం గురించి ముందు అడగాలి.

మీ ఆరోగ్య పేజీలో ఆపరేషన్ తర్వాతి ఆరు వారాల కసరత్తులను ఫిజియోథెరపిస్టుల చేత బొమ్మలతో రాయించి వేయండి. కత్తిరించి మా క్యాంటీన్ గోడకు అంటించే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి,
షాపూర్‌నగర్, జీడిమెట్ల