మీ పేపర్లు ఎన్ని?

పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి ఎన్ని పేపర్లుంటే సరిపోతుంది? లైఫ్ సైన్సెస్ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది.

జపాన్ ఇమ్యునాలజిస్టు షిమోన్ సకాగుచి సంగతి చూడండి. రోగనిరోధక కణాలు మన ఒంటిపైనే దాడి చేయకుండా ఆపే ప్రత్యేక టి కణాలున్నాయని ఆయన 1995లో చూపించారు. ఆ పేపర్ వచ్చింది నేచర్‌లోనో సైన్స్‌లోనో కాదు, ‘జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ’లో. అలాంటి కణాలున్నాయంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు. ఆయన మాత్రం ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని కూర్చున్నారు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 జన్యువును గుర్తించారు. ఈ కణాలకు ఆ జన్యువే కీలకమని రెండేళ్లకు సకాగుచితో పాటు మరికొందరు తేల్చారు. 2025లో ముగ్గురికీ నోబెల్!

హెచ్-ఇండెక్స్ 10 అంటే, కనీసం పదేసి సైటేషన్లున్న పేపర్లు 10 ఉన్నాయని. వేల సైటేషన్లు వచ్చిన పేపరైనా అందులో ఒకటి కిందే లెక్క.

మరి డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్ల వెంట పడటం ఎందుకు? (ఫీజు తీసుకునేవన్నీ మోసం కావు, సమీక్ష లేకుండా వేసేవాటితోనే తంటా.) ‘ఇందులో మీరు సొంతంగా చేసిందేంటి?’ అని ఇంటర్వ్యూలో అడుగుతారు. దానికి తడబడకుండా జవాబు చెప్పగల ప్రాజెక్టు ఒక్కటున్నా, ఆ ఫీజు డబ్బులు మిగుల్చుకోండి.